తొమ్మిదో తరగతికి ఒక ఇరాన్ సినిమా



హైదరాబాద్ నుంచి ముంబై రోడ్డు పట్టుకుని వస్తే రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం దాటాక కంది వస్తుంది. ఈ రోడ్డు మీదికి లోకం ఎప్పుడో వచ్చి చేరింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పెట్టినప్పటి నుంచి ఎన్నో దేశాల శాస్త్రవేత్తలు ఇక్కడ ఉండి జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటల మీద పని చేస్తున్నారు. 2008లో మొదలైన ఐఐటీ హైదరాబాద్ కొన్నేళ్లు ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో నడిచి, 2015లో కందిలోని సొంత ప్రాంగణానికి మారింది. ఆ ప్రాంగణం కట్టడంలో జపాన్ సహకారం చాలా ఉంది. ఇక ఫ్యాక్టరీల సంగతి చెప్పనక్కర్లేదు. బీహార్ నుంచి, ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాల పిల్లలు మన సర్కారు బడుల్లో మన పిల్లల పక్కనే కూర్చుని తెలుగు నేర్చుకుంటున్నారు.

నేను ఈ పారిశ్రామిక ప్రాంతంలోని ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పిన మనిషిని. ప్రపంచ పటం గోడకు తగిలించి ఇరాన్ ఎక్కడ, ఇటలీ ఎక్కడ అని కర్రతో చూపించాను. పిల్లలు రాజధానుల పేర్లు చెప్పేవారు, ఎగుమతులు, దిగుమతులు చెప్పేవారు. కానీ ఇరాన్‌లో తమ వయసు పిల్ల పొద్దున లేచి ఏం చేస్తుంది, బడికి ఎట్లా పోతుంది, ఇంట్లో ఎవరితో గొడవ పడుతుంది అని అడిగితే జవాబు ఉండేది కాదు. నాకూ పాఠ్యపుస్తకంలో దొరికేది కాదు. ఆ జవాబు నాకు సినిమాల్లో దొరికింది. మన ఉన్నత పాఠశాల పిల్లలకు ప్రపంచ సినిమా చూపించాలి, దాన్ని బడిలోనే చూపించాలి, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే చూపించాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

పిల్లలకు విదేశీ సినిమా తెలియదని నేను అనడం లేదు. జాకీ చాన్‌ను తెలుగులో చూసి పెరిగిన తరం ముందే వెళ్లిపోయింది. ఇప్పటివాళ్లు అవెంజర్స్ కథ వరస తప్పకుండా చెబుతారు. స్క్విడ్ గేమ్ వాళ్ల వయసుకు తగనిది, అయినా దాని పేరు ఎనిమిదో తరగతిలో అందరికీ తెలుసు. ఫోన్‌లో అరనిమిషం ముక్కలుగా అన్ని దేశాల దృశ్యాలూ కళ్ల ముందు నుంచి పోతుంటాయి. అయితే ఇవన్నీ ప్రచారానికీ డబ్బింగుకూ కోట్లు పెట్టగలిగినవాళ్లు పంపితే వచ్చినవి. ఎవరూ పంపనివి, మనమే వెతికి తెచ్చుకోవలసినవి వేరే ఉన్నాయి. కూలి చేసుకునే ఇంటి పిల్లవాడు కథానాయకుడిగా, వాడి చెప్పులో, వాడి నోటుబుక్కో, వాడి నాన్న సైకిలో కథగా ఉన్న సినిమాలు ప్రపంచమంతటా వచ్చాయి. కంది బడి పిల్లలకు అన్నింటికంటే దగ్గరగా ఉండేవి అవే. వాళ్లదాకా రానివీ అవే.

అలాంటి సినిమాల్లో మొదట నిలిచేది 1997లో ఇరాన్ దర్శకుడు మజీద్ మజీదీ తీసిన చిల్డ్రన్ ఆఫ్ హెవెన్. ఆస్కార్ పోటీలో విదేశీ భాషా చిత్రాల విభాగంలో నామినేషన్ దాకా వెళ్లిన సినిమా. కథ ఇంతే. అలీ అనే పిల్లవాడు చెల్లెలు జహ్రా బూట్లు కుట్టించుకుని వస్తూ, కూరగాయల కొట్టు దగ్గర పోగొడతాడు. ఇంట్లో చెబితే నాన్నకు కొత్తవి కొనే స్తోమత లేదు. అమ్మకు ఒంట్లో బాగాలేదు. అన్నాచెల్లెళ్లు చాటుగా ఒక ఒప్పందానికి వస్తారు. ఆడపిల్లల బడి పొద్దున, మగపిల్లల బడి మధ్యాహ్నం. కాబట్టి అన్న బూట్లే చెల్లెలు పొద్దున తొడుక్కుని పోతుంది. బడి విడవగానే పరుగెత్తుకు వస్తుంది. సందు మలుపులో అలీ ఎదురుచూస్తుంటాడు. అక్కడ బూట్లు మార్చుకుని వాడు బడికి పరుగెత్తుతాడు. రోజూ ఆలస్యమే, రోజూ తిట్లే.

ఈ సినిమా పటాన్‌చెరు చుట్టుపక్కల పిల్లలకు చూపించినప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది. షిఫ్ట్ అంటే ఏమిటో వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. నాన్న ఫస్ట్ షిఫ్ట్ నుంచి వచ్చేసరికి అమ్మ పనికి పోవాలి, తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలి, తమ్ముణ్ణి ఎవరు చూసుకోవాలి అన్న లెక్కల మధ్య పెరిగిన పిల్లలు వాళ్లు. జహ్రా పరుగెత్తుకు వస్తుంటే తరగతంతా ముందుకు వంగింది. కాలికి పెద్దదైన బూటు జారి మురుగు కాలువలో పడి కొట్టుకుపోతుంటే ఆడపిల్లలు అరిచారు.

ఆ సినిమాలో ఒక చిన్న దృశ్యం ఉంది. తండ్రి మసీదువాళ్లు అప్పగించిన చక్కెర గడ్డలను కూర్చుని ముక్కలు కొడుతుంటాడు. ఎదురుగా చక్కెర గుట్ట. కూతురు టీ తెచ్చి ఇస్తుంది. టీలోకి చక్కెర తెమ్మంటాడు తండ్రి. ఇంత ఉంది కదా అంటుంది పాప. అది మసీదు సొమ్మని, మన దగ్గర నమ్మి ఉంచిందని చెబుతాడు ఆయన. అంతకు మించి ఉపన్యాసం లేదు. సినిమా అయ్యాక నేను ఆ దృశ్యం గురించి ఏమీ అడగలేదు. వెనక బెంచీ అమ్మాయి తనంతట తానే లేచి, "మా డాడీ బిస్కెట్ల కంపెనీల చేస్తడు సార్. ఒక్క ప్యాకెట్ గూడ ఇంటికి తేడు" అంది. ఆ అమ్మాయి గొంతులో ఆ రోజు విన్న గర్వం నేను ఏ నీతి పాఠం చెప్పినప్పుడూ వినలేదు. నీతి చెప్పమని సినిమాను మనం అడగకపోతే పిల్లలు తమ ఇంట్లోనే దాన్ని గుర్తుపడతారు.

చివరలో పరుగు పందెం వస్తుంది. మూడో బహుమతి ఒక జత బూట్లు. అలీకి కావలసింది మూడో స్థానం. పొరపాటున మొదట వస్తాడు. అందరూ భుజాల మీద ఎత్తుకుంటే వాడు ఏడుస్తాడు. "ఫస్టొచ్చిండు గదా, ఎందుకేడుస్తుండు?" అని ఒక పిల్లవాడు గట్టిగా అడిగాడు. వాడికి నేను జవాబు చెప్పేలోగా పక్కవాడే కోపంగా, "చెల్లెకు బూట్లు రాలే గదరా" అన్నాడు. ఒకటో ర్యాంకు కోసం పిల్లలను పరుగెత్తించే కాలంలో మూడో స్థానం కోసం ఏడ్చే పిల్లవాణ్ణి చూడటం మన పిల్లలకు అవసరం. ఇంకో ముచ్చట కూడా ఉంది. తండ్రి సైకిలుకు కొత్త బూట్లు కట్టి ఉండటం దర్శకుడు మనకు ఒక్క క్షణం చూపిస్తాడు. ఆ సంగతి మనకు తెలుసు, అలీకి ఇంకా తెలియదు. ఆ క్షణం మీద తరగతిలో చాలా సేపు వాదన జరిగింది. చూసేవాడికి తెలిసి పాత్రకు తెలియకపోవడం కథను ఎట్లా నడుపుతుందో వాళ్లు ఆ వాదనలో నేర్చుకున్నారు. నేను నేర్పింది ఏమీ లేదు.

ఇరాన్‌లో పిల్లల సినిమాలు ఇంత గొప్పగా రావడం వెనక ఒక సంస్థ కృషి ఉంది. పిల్లల, యువతరం మేధోవికాసం కోసం 1965లో అక్కడ పెట్టిన సంస్థ కానూన్. గ్రంథాలయాలు, పుస్తకాలతో మొదలై అది సినిమాల దాకా వచ్చింది. అబ్బాస్ కియారోస్తమీ మొదటి లఘుచిత్రం బ్రెడ్ అండ్ ఆలీ 1970లో అక్కడే తయారైంది. రొట్టె పట్టుకుని ఇంటికి పోతున్న పిల్లవాడు సందులో కుక్కకు భయపడటం, అంతే ఆ సినిమా. ఆయనే 1987లో వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్ తీశాడు. అహ్మద్ అనే పిల్లవాడు పొరపాటున పక్కవాడి నోటుబుక్కు ఇంటికి తెస్తాడు. మళ్లీ నోటుబుక్కులో హోంవర్క్ రాయకుండా వస్తే బడి నుంచి పంపించేస్తానని టీచరు ఆ పక్కవాణ్ణి అప్పటికే హెచ్చరించాడు. అది ఇచ్చి రావడానికి అహ్మద్ కొండ ఎక్కి పక్క ఊరికి పరుగెత్తుతాడు. పెద్దవాళ్లు ఎవరూ వాడి మాట వినరు. ఈ సినిమా నెమ్మదిగా నడుస్తుంది. మొదటిసారే దీన్ని చూపించవద్దని నా సలహా. రెండు మూడు సినిమాలు చూసి కళ్లు అలవాటు పడ్డాక చూపిస్తే పిల్లలు కదలకుండా చూస్తారు. 1990లో ఉత్తర ఇరాన్‌లో పెద్ద భూకంపం వచ్చి ఆ సినిమా తీసిన కోకెర్ ప్రాంతం దెబ్బతింది. తన సినిమాలో నటించిన పిల్లలు బతికి ఉన్నారో లేదోనని కియారోస్తమీ వెతుక్కుంటూ వెళ్లాడు. ఆ వెతుకులాట నుంచే 1992లో ఇంకో సినిమా పుట్టింది. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. అహ్మద్ బతికే ఉన్నాడా సార్? వాడు వేషం వేసిన నటుడని వాళ్లకు తెలుసు. అయినా పేరు పెట్టే అడుగుతారు. అహ్మద్ వేషం వేసిన పిల్లవాడు బతికాడని చెబితే కానీ తరగతి కుదుటపడదు.

పారిశ్రామిక ప్రాంతంలో బడి కాబట్టి ఇంకో రెండు సినిమాల గురించి వివరంగా చెప్పాలి. ఒకటి చార్లీ చాప్లిన్ 1936లో తీసిన మోడర్న్ టైమ్స్. అసెంబ్లీ లైను మీద నట్లు బిగించే కార్మికుడు, లైను వేగం పెంచేకొద్దీ చేతులు ఆగక, పని ఆగాక కూడా చేతులు అట్లాగే తిరుగుతుండటం. భోజనం టైము కలిసి వస్తుందని కార్మికులకు అన్నం తినిపించే యంత్రాన్ని యజమానికి అమ్మజూపడం. స్నానాల గదిలోకి పోయి ఒక్క దమ్ము లాగుదామనుకుంటే అక్కడి గోడ మీది తెరలో యజమాని ముఖం ప్రత్యక్షమై పనికి పొమ్మనడం. దాదాపు తొంభై ఏళ్ల కిందటి సినిమా. మాటలు దాదాపు లేవు కాబట్టి తెలుగు పిల్లలకూ ఒడియా పిల్లలకూ హిందీ పిల్లలకూ ఒకేలా అందుతుంది. మొదటి అరగంట అందరూ విరగబడి నవ్వుతారు. ఇంటికి వెళ్లి, అన్నం తింటున్న నాన్న చేతుల వంక కొందరైనా చూసి ఉంటారని నా నమ్మకం.

రెండోది ఇటలీ దర్శకుడు విట్టోరియో డి సీకా 1948లో తీసిన బైసికిల్ థీవ్స్. యుద్ధం ముగిసిన రోమ్ నగరం. పని దొరకడమే గగనం. గోడలకు పోస్టర్లు అంటించే ఉద్యోగం వస్తుంది, కానీ సైకిలు ఉండాలి. సైకిలు తాకట్టులో ఉంది. భార్య దుప్పట్లు తాకట్టు పెట్టి సైకిలు విడిపిస్తుంది. మొదటి రోజే ఎవడో దాన్ని ఎత్తుకుపోతాడు. తండ్రి, చిన్న కొడుకు బ్రూనో ఊరంతా వెతుకుతారు. చివరకు ఏ దారీ లేక ఆ తండ్రే ఒక సైకిలు దొంగిలించబోయి, కొడుకు కళ్ల ముందే జనానికి దొరికిపోతాడు. జనం తండ్రిని కొడుతుంటే చూసిన బ్రూనో తరువాత ఆయన చెయ్యి పట్టుకుని నడుస్తాడు.

ఈ సినిమా ఎట్లా తయారైందో పిల్లలకు తప్పక చెప్పండి. హాలీవుడ్ నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ డబ్బు పెడతానని, అయితే కేరీ గ్రాంట్ అనే పెద్ద స్టార్‌ను తండ్రిగా పెట్టాలని అన్నాడు. డి సీకా ఒప్పుకోలేదు. లంబెర్తో మజొరానీ అనే అసలు ఫ్యాక్టరీ కార్మికుణ్ణి ఆ పాత్రకు తీసుకున్నాడు. మజొరానీ బ్రెడా ఫ్యాక్టరీలో పనివాడు. సినిమా ప్రపంచమంతా ఆడింది. ఆయన తిరిగి ఫ్యాక్టరీకి వెళ్లాడు. కొంతకాలానికి పనివాళ్లను తగ్గించినప్పుడు ఆయన ఉద్యోగమూ పోయింది. సినిమాలో పని కోసం తిరిగిన మనిషి బయట కూడా పని కోసం తిరగవలసి వచ్చింది. లే ఆఫ్ అన్న మాట ఇంట్లో గుసగుసగా విన్న పిల్లలున్న తరగతి ఇది. ఆ కథ వాళ్లకు దూరదేశపు కథగా అనిపించదు. నాన్న అవమానపడితే కొడుకు ఏం చేయాలి అన్న ప్రశ్న పెద్దవాళ్లు పిల్లల ముందు ఎత్తరు. బ్రూనో దానికి తన చేతితో జవాబు చెప్పాడు.

ఈ సినిమానే 1950లో లండన్‌లో చూసి సత్యజిత్ రాయ్ తన దారి తేల్చుకున్నాడు. స్టార్లు లేకుండా, అసలు ఊళ్లో, అసలు వెలుతురులో సినిమా తీయవచ్చని ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది. 1955లో పథేర్ పాంచాలీ వచ్చింది. రోమ్‌లో ఒక కార్మికుడి కథ బెంగాల్ పల్లెలోని అపు, దుర్గల కథకు దారి చూపింది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ రెండు సినిమాలూ ఒకదాని వెంట ఒకటి చూపించగలిగితే అంతకంటే మంచి పాఠం ఉండదు.

మిగిలినవాటి గురించి క్లుప్తంగా చెబుతాను. బడి మానేసే పిల్లల సమస్య ఉన్న ఊళ్లలో చైనా దర్శకుడు ఝాంగ్ యిమౌ 1999లో తీసిన నాట్ వన్ లెస్ చూపించండి. పదమూడేళ్ల అమ్మాయి పల్లె బడికి తాత్కాలిక టీచరుగా వస్తుంది, పని కోసం పట్నం పోయిన ఒక్క పిల్లవాణ్ణి వెతుక్కుంటూ వెళుతుంది. ఆడపిల్లల కోసం 2012 నాటి వజ్దా. పూర్తిగా సౌదీ అరేబియాలోనే చిత్రీకరించిన మొదటి కథాచిత్రం అది. దర్శకురాలు హైఫా అల్ మన్సూర్ వీధి దృశ్యాలు తీసేటప్పుడు నలుగురిలో మగవాళ్లతో కలిసి పనిచేయడం కుదరక, వ్యానులో కూర్చుని వాకీటాకీలో సూచనలు ఇచ్చింది. ఒక అమ్మాయి సైకిలు కొనుక్కోవాలనుకోవడమే కథ. ఏడో తరగతి పిల్లలు కూడా కూర్చుంటే జపాన్ నుంచి హయావో మియాజాకీ బొమ్మల సినిమా మై నైబర్ టొటోరో.

పిల్లల కోసం అంతర్జాతీయ చిత్రాలు మన గడ్డకు కొత్తేమీ కాదు. 1955లో ఏర్పడ్డ బాలల చలనచిత్ర సమితి 1979 నుంచి అంతర్జాతీయ బాలల చిత్రోత్సవం జరుపుతూ వచ్చింది. 1995 నుంచి దానికి హైదరాబాద్ శాశ్వత వేదిక అయింది. గోల్డెన్ ఎలిఫెంట్ అని దానికి పేరు. రెండేళ్లకోసారి నవంబరు వస్తే బడి పిల్లలు బస్సుల్లో థియేటర్లకు వచ్చి ఎన్నో దేశాల సినిమాలు చూసేవారు. 2017 నవంబరులో 20వ ఉత్సవం జరిగింది. 2022లో ఆ సమితిని జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనం చేశారు. ఆ ఉత్సవం బాగున్నంత కాలం కూడా నగరం దాటి కంది దాకా, సదాశివపేట దాకా దాని ఫలం పెద్దగా రాలేదన్నది నా అభిప్రాయం. ఫ్రాన్స్‌లో వేరేగా చేశారు. అక్కడ 1989లో మొదలైన ఒక పథకం కింద ఉన్నత పాఠశాల పిల్లలను చదువు వేళల్లోనే, ఏడాది పొడవునా, టీచర్లు దగ్గరుండి థియేటరుకు తీసుకుపోయి మంచి సినిమాలు చూపిస్తారు. పండుగలా ఒక వారం వచ్చిపోయేదానికీ, టైంటేబుల్లో చోటు దక్కినదానికీ చాలా తేడా ఉంది. మనకు కావలసింది రెండోది.

టీచర్లు నన్ను అడిగే ప్రశ్నల్లో మొదటిది భాష. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు మన పిల్లలు అంత వేగంగా చదవలేరు కదా అని. నిజమే. దానికి మార్గం ఉంది. మూగ సినిమాల కాలంలో జపాన్‌లో బెన్షీ అనే కథకులు తెర పక్కన నిలబడి కథ చెప్పేవారు, పాత్రల మాటలు పలికేవారు. దర్శకుడు కురొసావా అన్నగారు అలాంటి కథకుడే. మన దక్షిణాదిలోనూ మూగ సినిమాలకు పక్కన నిలబడి వ్యాఖ్యానం చెప్పేవాళ్లు ఉండేవారు. అదే పని తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పగించండి. ముందు రోజు ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టి సినిమా చూపించండి. సబ్‌టైటిళ్లు వాళ్లతో తెలుగులో రాయించండి. మర్నాడు మైకు పట్టుకుని వాళ్లే చెబుతారు. బీహార్ పిల్లలు ఎక్కువగా ఉన్న బడిలో ఒకరు హిందీలో చెబుతారు. తెలుగు రాదని వెనక బెంచీలో ముడుచుకుని కూర్చునే పిల్లవాడు ఆ రోజు బడి మొత్తానికి కథ చెబుతాడు. ఫారసీ సినిమా అయితే మన తెలంగాణ పిల్లల చెవికి దోస్త్, ఆస్మాన్ లాంటి మాటలు తెలిసినవే తగులుతాయి. పది నిమిషాలు గడిచాక భాష గొడవ వాళ్లకు గుర్తుండదు.

రెండో ప్రశ్న చట్టం. సినిమా బడిలో చూపితే కేసు అవుతుందా అని. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ఇందుకు వీలు కల్పించింది. బడి కార్యక్రమంలో భాగంగా, ఆ బడి పిల్లలు, సిబ్బంది, తల్లిదండ్రులు, బడి పనులతో నేరుగా సంబంధం ఉన్నవాళ్లు మాత్రమే చూసేటట్లయితే అది హక్కుల ఉల్లంఘన కాదు. ఊరందరినీ పిలిచి చూపడం వేరే సంగతి. దొంగ కాపీ మాత్రం వాడకండి, న్యాయంగా దొరికే ప్రతి తెచ్చుకోండి. మన పిల్లలకు మనం మొదట చూపించేది ఆ నిజాయితీనే.

మూడోది సామాన్లు. చాలా ఉన్నత పాఠశాలల్లో ఇప్పుడు గోడకు పెద్ద డిజిటల్ ప్యానెళ్లు ఉన్నాయి. కిటికీలకు నల్ల చార్టులు అంటించి, ఒక మంచి స్పీకరు తెచ్చుకుంటే చాలు. స్పీకరు విషయంలో పొదుపు చేయవద్దు. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు, మాట సరిగ్గా వినపడకపోతే లేచిపోతారు.

ఇక అన్నింటికంటే ముఖ్యమైనది, సినిమాను పూర్తిగా చూపించండి. ముక్క చూపించి ఆపి, ఇక్కడ ఏం అర్థమైంది అని అడగకండి. అయ్యాక సారాంశం రాయమనకండి, మార్కులు వేయకండి, నీతి ఏమిటని అడగకండి. కాసేపు ఊరుకోండి. ఆ తరువాత నీకు గుర్తుండిపోయింది ఏది అని ఒక్కటి అడగండి. ఒకరు బూటు అంటారు, ఒకరు చక్కెర గుట్ట అంటారు. అక్కడ కెమెరా ఎక్కడ ఉంది, ఎవరి వైపు నుంచి చూస్తున్నాం అని అడగండి. సినిమా చూడటం నేర్పడం అంటే ఇదే. అబ్బాయిలు కళ్లు తుడుచుకుంటే చూడనట్టు ఉండండి. చూపించబోయే సినిమాను టీచరు ముందుగా తప్పనిసరిగా పూర్తిగా చూసి ఉండాలి. అందులో ఏ దృశ్యం ఏ పిల్లను బాధపెడుతుందో తరగతి టీచరుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

కెమెరా ఎవరి వైపు నుంచి చూస్తోంది అన్నాను కదా. ఆ పాఠం నేర్పినవాళ్లు మన జిల్లాలోనే ఉన్నారు. ఇదే ముంబై రోడ్డు మీద ఇంకా ముందుకు పోతే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. అక్కడి మహిళా సంఘాల్లో అక్షరం రాని దళిత స్త్రీలు వీడియో కెమెరా పట్టడం నేర్చుకుని, విత్తనాల మీద, తమ పంటల మీద, బీటీ పత్తి రైతుల కష్టాల మీద సినిమాలు తీశారు. అవి విదేశాల్లోనూ ప్రదర్శితమయ్యాయి. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీశ్ వాళ్లకు తోడుగా నిలిచారు. ఆ స్త్రీలు షాట్లకు తమ పేర్లు తామే పెట్టుకున్నారు. పై నుంచీ కింద నుంచీ చూసే షాట్లకు దొరలూ పాలేర్లూ గుర్తుకొచ్చే పేర్లు పెట్టి, మనిషి కళ్ల ఎత్తులో సమానంగా చూసే షాట్‌ను సంఘం షాట్ అన్నారు. ఇదే సంస్థ మాచ్‌నూరులో 2008లో సంఘం రేడియో కూడా మొదలుపెట్టింది. పిల్లలకు మొదట చిల్డ్రన్ ఆఫ్ హెవెన్ చూపించి, ఆ తరువాత ఈ అమ్మల సినిమాలు చూపిస్తే, సినిమా ఎవరు తీయవచ్చు అన్న అనుమానం వాళ్లకు ఉండదు.

ఇదే పాత మెదక్ జిల్లాలోని ప్రజ్ఞాపూర్‌లో పుట్టిన బి. నర్సింగరావు 1988లో దాసి తీశారు. గడీలో దాసీగా బతికిన స్త్రీ కథ. కమలాక్షి పాత్ర వేసిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. అది పెద్దవాళ్ల సినిమా, ఎనిమిదో తరగతికి తొందర. కానీ ఇరాన్ పిల్లవాడి కథ మనకు ప్రపంచ సినిమా అయినట్లే, మన పల్లె కథ ఇరాన్‌వాళ్లకు ప్రపంచ సినిమా అవుతుందని పిల్లలకు చెప్పాలి.

ప్రధానోపాధ్యాయులకు నా మనవి. నెలలో ఒక శనివారం బ్యాగు లేకుండా బడికి రమ్మనే పద్ధతి మనకు వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం సినిమాకు ఇవ్వండి. ఐఐటీ విద్యార్థులకు కూడా ఒక మాట. మీ గదుల్లో మీరు చూసే మంచి సినిమాలను గేటు దాటించి కంది బడికి తీసుకురండి, పిల్లలతో కింద కూర్చుని చూడండి. తల్లిదండ్రులారా, బడిలో సినిమా చూశానని పిల్ల చెబితే చదువు పాడైందని అనుకోకండి. ఏం చూశావని అడిగి కథ చెప్పించుకోండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఫ్రాన్స్ దర్శకుడు ఆల్బర్ లమొరీస్ 1956లో తీసిన ద రెడ్ బలూన్‌తో మొదలుపెట్టండి. మాటలు దాదాపు లేవు. నిడివి 34 నిమిషాలు. ఒక్క పీరియడ్ చాలు.